ఆటకు కూలి పుచ్చుకుంటే వెలి!
గుంటూరు బిడ్డ అంబటి రాయుడు ఆట బతుకు చెప్పే పాఠం

గుంటూరు: పత్తి తీతకు వెళ్లిన మనిషికి కూలి ముట్టాలి. మిరపకోతకైనా అంతే. ఒక ఆసామి కంటే మరో ఆసామి నాలుగు రూపాయలు ఎక్కువ యిస్తానంటే కూలీలు అటే వెడతారు. దీన్ని పల్లెలో ఎవరూ తప్పుపట్టరు. కాని ఆటగాడు ఆ పని చేస్తే మాత్రం తలుపులు మూసిన రోజులున్నాయి. గుంటూరులో పుట్టి దేశం తరఫున క్రికెట్ ఆడిన అంబటి తిరుపతి రాయుడు అనుభవమే యిందుకు నిదర్శనం.

గొడవ పాతదే

ఈ తగవు మన దేశంలో మొదలైంది కాదు. ఇంగ్లండులో రగ్బీ అనే ఆట వుంది. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టువారు పట్టి పడవేస్తారు. చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టే వుంటుంది. ఆ దేశపు ఉత్తరభాగంలో బొగ్గు గనుల్లో, ఓల్డామ్ వంటి ఊళ్లలోని నూలు మిల్లుల్లో పనిచేసే కార్మికులు శనివారం పని మానుకుని ఈ ఆట ఆడేవారు. ఆ పూట కూలి పోయేది. పోయిన కూలికి బదులుగా 6 షిల్లింగులు యిప్పించాలని అక్కడి క్లబ్బులు కోరాయి. ఆటను సరదాకే ఆడాలన్న పెద్దలు ససేమిరా అన్నారు.

దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటల్లో 20కి పైగా క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. రగ్బీ లీగ్ అనే వృత్తి ఆట అలా పుట్టింది. అందులో ఆడినవారిని పాత సంఘం వెలివేసింది. సరిగ్గా నూరేళ్లకు, 1995లో, ఆ పాత సంఘం కూడా డబ్బిచ్చి ఆడించడానికి ఒప్పుకోవడం గమనార్హం.

పువ్వు పుట్టగానే...

రాయుడు 1985 సెప్టెంబరు 23న గుంటూరులో పుట్టాడు. ఆట నేర్చింది హైదరాబాదులో. 16 ఏళ్ల వయసులోనే హైదరాబాదు జట్టు తరఫున రంజీ ఆటలో దిగాడు. 2002లో ఆంధ్ర జట్టుపై ఒకే మ్యాచ్‌లో 210 పరుగులు, ఆపై అవుట్ కాకుండా 159 పరుగులు చేశాడు. 2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన 19 ఏళ్లలోపువారి ప్రపంచకప్పులో భారత జట్టుకు నాయకుడయ్యాడు. జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది.

ఆనాడు అతని కింద ఆడిన దినేశ్ కార్తీక్, సురేశ్ రైనా, రాబిన్ ఊతప్ప ఒక్కొక్కరే దేశం తరఫున ఆడారు. నాయకునికి మాత్రం పిలుపు రాలేదు.

మూసిన తలుపు

2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ పేరిట ఒక ప్రైవేటు పోటీ మొదలైంది. మంచి డబ్బు యిచ్చారు. క్రికెట్ బోర్డు దాన్ని గుర్తించలేదు. అందులో ఆడినవారిని రంజీకి గాని, దేశం జట్టుకు గాని రానివ్వలేదు. 22 ఏళ్లు నిండీ నిండని వయసులో రాయుడు అందులో చేరాడు. ఆ లీగు ఎక్కువకాలం నిలవలేదు. ఇక్కడా లేదు, అక్కడా లేదు అన్న స్థితి ఏర్పడింది.

2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టింది. 2010లో ముంబయి ఇండియన్స్ జట్టు రాయుణ్ణి తీసుకున్నది. అంటే డబ్బిచ్చి ఆడించే పోటీలోకే, ఈసారి బోర్డు నడిపే ఐపీఎల్‌లోకే, అతడు వచ్చాడు. దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడేనాటికి 2013 జులై వచ్చింది. హరారేలో జింబాబ్వేపై అవుట్ కాకుండా 63 పరుగులు చేశాడు. అప్పటికి వయసు 27.

మళ్లీ నిరాశ

2015 ప్రపంచకప్పు జట్టులో వున్నాడు గాని ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో న్యూజీలాండుపై 90 పరుగులు చేశాడు. అయినా ఏప్రిల్‌లో ప్రకటించిన ప్రపంచకప్పు జట్టులో పేరు లేదు. అప్పటి సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్.కె. ప్రసాద్ కూడా గుంటూరులో పుట్టినవారే కావడం విశేషం. బ్యాటింగుతోపాటు బౌలింగు, ఫీల్డింగు కూడా చేయగలడని విజయ్ శంకర్‌ను తీసుకున్నట్టు ఆయన చెప్పారు. పోటీ మధ్యలో శంకర్ గాయపడితే మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. వెంటనే జులై 3న రాయుడు ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. ఆగస్టు చివరికి మనసు మార్చుకుని తిరిగి వచ్చాడు.

2023 మే నెలలో అహ్మదాబాదులో చెన్నై జట్టు తరఫున ఐపీఎల్ ఫైనల్‌లో 8 బంతుల్లో 19 పరుగులు చేసి, కప్పు అందుకుని తప్పుకున్నాడు. అది అతని ఆరో ఐపీఎల్ కప్పు. ముంబయితో మూడు, చెన్నైతో మూడు. దేశం తరఫున 55 వన్డేలు, 1,694 పరుగులు, మూడు సెంచరీలు, సగటు 47 దాటింది. టెస్టు మ్యాచ్ మాత్రం ఒక్కటీ లేదు.

పల్లెలకు పాఠం

నేడు క్రికెట్‌కే కాదు, చెడుగుడుకూ డబ్బు వచ్చింది. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బడి మైదానాల్లో కూత పెట్టే కుర్రవాళ్ల కళ్లు అటే వున్నాయి. ఆటగాడు కూలి అడగడం తప్పు కాదని చరిత్ర చెప్పనే చెప్పింది. అయితే ఆ కూలి ఎవరిస్తున్నారు, ఆ పోటీకి ఏ సంఘం గుర్తింపు వున్నది, అందులో ఆడితే మరెక్కడ తలుపులు మూసుకుంటాయి అన్నది ముందే తెలుసుకోవాలి. విత్తనాల కొట్లో బిల్లు అడిగి తీసుకున్నట్టే, సంతకం పెట్టే కాగితాన్నీ చదివించుకోవాలి. పైరు పోతే మరుసటి ఏడు వేసుకోవచ్చు. ఆటగాడికి పోయిన ఏళ్లు తిరిగి రావు.