నిధికి ముందు పరీక్షా, నిధి తరువాత పరీక్షా? : సింహాసన ద్వాత్రింశిక, దశకుమారచరిత్రము, ఆర్టెమిస్ ఫౌల్ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఐరిష్ రచయిత ఓయిన్ కోల్ఫర్ రచించిన ఆర్టెమిస్ ఫౌల్ బాలల నవలాశ్రేణిలో కథానాయకుడు పన్నెండేళ్ల నేరగాడు. భూగర్భంలో నివసించే దివ్యజాతి బంగారాన్ని యుక్తితో కాజేయడమే తొలి నవలలో అతని సాహసం. ఇటువంటి నాయకుడికి బాలసాహిత్యంలో చోటుందా అన్న ప్రశ్నను తెలుగు కథాసంప్రదాయం వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, మూలఘటిక కేతన దశకుమారచరిత్రము ఇందుకు ప్రధాన ఆకరాలు.

కీలకపదాలు: అద్భుతకథ, చోరనాయకుడు, గుణపరీక్ష, నిధి, బాలసాహిత్యం.

1. ప్రవేశిక:
ఆర్టెమిస్ ఫౌల్ శ్రేణిలో తొలి నవల 2001లో, ఎనిమిదవదీ చివరిదీ అయిన నవల 2012లో వెలువడ్డాయి. 2020లో తొలి రెండు నవలల ఆధారంగా చలనచిత్రం వచ్చింది. ఈ కథల్లోని దివ్యజాతిని తెలుగులో 'అప్సరసలు' అని అనువదిస్తే అర్థం తప్పుతుంది. వారు ఆకాశవాసులు కారు. మానవులకు దూరంగా భూగర్భంలో నగరాలు కట్టుకుని, బంగారాన్ని కాపాడుకుంటూ, సొంత పోలీసు వ్యవస్థతో జీవించేవారు. మన కథల్లో వీరికి దగ్గరగా ఉన్నది నిధులకు కావలి కాసే యక్షజాతి. లంకెబిందెల మీద పాము కాపలా ఉంటుందనే జానపద విశ్వాసం కూడా ఈ కోవలోనిదే.

నిధి ఒకరి రక్షణలో ఉన్నప్పుడు దానిని మానవుడు ఏ అర్హతతో పొందుతాడు? అద్భుతకథల నైతికత అంతా ఈ ప్రశ్నకు చెప్పే సమాధానంలోనే ఉంటుంది. పైన పేర్కొన్న రెండు తెలుగు కావ్యాలూ బాలల కోసం రచించినవి కావు. అయితే విక్రమార్కుని కథలు మౌఖికంగానూ, పునఃకథనాల రూపంలోనూ తరతరాలుగా పిల్లలకు చేరాయి. కాబట్టి బాలల అద్భుతకథ నాయకుణ్ణి గురించిన చర్చలో వాటిని విస్మరించలేము.

2. సాలభంజికల పరీక్ష:
సాహిత్యచరిత్రకారులు 15వ శతాబ్దానికి చెందిన కొరవి గోపరాజును ఆర్మూరుకు పొరుగునున్న భీమ్‌గల్ ప్రాంత కవిగా గుర్తించారు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో నాటి జనజీవనాన్ని పునర్నిర్మించడానికి సింహాసన ద్వాత్రింశికను విరివిగా ఉపయోగించుకున్నారు. ఆ కారణంగా ఈ కావ్యం సాంఘిక చరిత్రకు ఆకరంగా ప్రసిద్ధి పొందింది. దాని కథానిర్మాణం కూడా అంతే శ్రద్ధతో పరిశీలించదగినది.

ఇంద్రుడు విక్రమార్కునికి ఇచ్చిన సింహాసనం కాలాంతరంలో భూమిలో మరుగునపడి, భోజునికి దొరుకుతుంది. భోజుడు దానిని అధిరోహించబోయిన ప్రతిసారీ మెట్టు మీది బొమ్మ అడ్డుకుంటుంది. విక్రమార్కుని త్యాగసాహసాలను ఒక కథగా చెప్పి, అటువంటి గుణం నీకుందా అని ప్రశ్నిస్తుంది. ఆ ముప్పైరెండు బొమ్మలూ శాపవశాన శిలారూపం దాల్చిన దివ్యాంగనలు. అంటే ఇక్కడ నిధిని కాపాడేవారే పరీక్షాధికారులు. భోజుడు రాజైనా, నిధి అతని భూమిలోనే దొరికినా గుణం నిరూపణ కానిదే ఆసనం దక్కదు. పరీక్ష నిధికి ముందే ఉంది.

ఆర్మూరు పట్టణానికి ఆనుకుని ఉన్న నవనాథ సిద్ధుల గుట్ట ఇదే భావనను మరొక విధంగా గుర్తుచేస్తుంది. ఆరూ మూడూ కలిసి తొమ్మిదిమంది సిద్ధులని ఊరి పేరుకు స్థానికులు వ్యుత్పత్తి చెబుతారు. సాధన ముందు, సిద్ధి తరువాత అన్న క్రమం సిద్ధుల కథలన్నింటికీ పునాది.

3. మాంత్రికుని చేతిలోని విద్య:
ఆధునిక తెలుగు బాలల అద్భుతకథ ఈ క్రమాన్ని చాలావరకు నిలుపుకుంది. చందమామ పత్రికలో 1954లో ప్రారంభమైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహిక 'తోకచుక్క'లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల వైరం మధ్య సమరసేనుడనే సేనాధిపతి చిక్కుకుంటాడు. మంత్రవిద్య మాంత్రికులది, ధైర్యం నాయకునిది. 1951 నాటి 'పాతాళభైరవి' చిత్రంలోనూ దేవి అనుగ్రహం పొందే విధానం మాంత్రికునికే తెలుసు. తోటరాముణ్ణి బలి ఇవ్వడం అతని పన్నాగం. మొసలి రూపం నుంచి శాపవిమోచనం పొందిన స్త్రీ ఆ గుట్టు చెప్పడంతో రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను పొందుతాడు. బలి కోరిన యోగినే బలి ఇచ్చే బేతాళకథల ముగింపు కూడా ఇదే. ఈ కథల్లో నాయకుడు గుట్టును తానుగా ఛేదించడు. అతని సద్గుణానికి ఫలితంగా ఎవరో ఒకరు దానిని అతనికి చెబుతారు. తానుగా శాస్త్రాన్ని శోధించి నిధిని కోరేవాడు సాధారణంగా ప్రతినాయకుడే.

4. నియమాన్ని కల్పించిన దొంగ:
దీనికి భిన్నమైన పాయ కూడా మనకు ఉంది. 13వ శతాబ్దంలో కేతన దండి సంస్కృత రచనను దశకుమారచరిత్రముగా తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులోని అపహారవర్మ యువకుడు, రాజకుమారుల బృందంలోనివాడు. చంపానగరంలో సంపద నిలకడలేనిదని లోభులకు తెలియజెప్పాలని నిశ్చయించుకుని కన్నాలు వేస్తాడు. దీపాలను ఆర్పడానికి పురుగులను దాచిన భరిణె సైతం దండి పేర్కొన్న అతని పరికరాల్లో ఉంది.

అతని మేధస్సు పూర్తిగా వెల్లడయ్యేది తోలుసంచి ఘట్టంలో. తన మిత్రుడు ధనమిత్రుని వద్ద కోరినంత ధనమిచ్చే సంచి ఉందని అపహారవర్మ పుకారు పుట్టిస్తాడు. అన్యాయంగా ఆర్జించినదంతా సొంతదారులకు తిరిగి ఇచ్చినవారికే ఆ సంచి ఫలిస్తుందని ఒక నియమం కూడా జోడిస్తాడు. ఆ ఆశతో వేశ్య కామమంజరి తాను దోచుకున్న విరూపకుని సొమ్మును అతనికి తిరిగి ఇచ్చేస్తుంది. ఇక్కడ మహిమ లేదు, మహిమ పట్ల మనుషులకున్న ఆశ మాత్రమే ఉంది. దొంగ తానే దివ్యనియమాన్ని కల్పించి, దాని ద్వారా న్యాయం జరిపించాడు.

అయితే ఆ న్యాయం నిష్కళంకమైనది కాదు. ఆ తరువాత సంచి దొంగతనం ధనమిత్రుని ప్రత్యర్థి అర్థపతి మీద పడుతుంది. చేయని నేరానికి అతడు సర్వస్వం కోల్పోతాడు. మితాక్షర ఆధారంగా 'విజ్ఞానేశ్వరీయము' అనే ధర్మశాస్త్రగ్రంథాన్ని తెలుగులో రచించిన కవి కూడా కేతనే. దండనీతి తెలిసిన కవి చోరుణ్ణి నాయకునిగా స్వీకరించాడన్న విషయం మన నీతిభావన ఎంత విశాలమైనదో తెలుపుతుంది.

5. నియమాన్ని చదివిన బాలుడు:
కోల్ఫర్ నాయకుడు ఈ రెండు పాయలు కలిసే చోట నిలుస్తాడు. దివ్యజాతి రహస్య గ్రంథాన్ని ఆర్టెమిస్ హో చి మిన్ నగరంలో ఒక పతిత జీవి నుంచి కొద్దిసేపు చేజిక్కించుకుని, ఆ లిపిని ఛేదిస్తాడు. శక్తి తరిగిన దివ్యులు పౌర్ణమినాడు నదీమలుపులోని ప్రాచీన వృక్షం వద్ద ఒక క్రతువు జరపాలని అందులో ఉంది. అటువంటి చోట మాటువేసి హాలీ షార్ట్ అనే పోలీసు అధికారిణిని అపహరిస్తాడు. విమోచనకు టన్ను బంగారం కోరతాడు. దివ్యులు అతని భవనం చుట్టూ కాలాన్ని స్తంభింపజేస్తే, నిద్రమాత్రలతో దాని నుంచి బయటపడతాడు. గుట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. మాంత్రికుని విద్యాకాంక్ష ఇక్కడ నాయకునికి సంక్రమించింది. అపహారవర్మ నియమాన్ని కల్పిస్తే, ఆర్టెమిస్ ఉన్న నియమాన్ని చదివి అందులోని సందులను వాడుకున్నాడు.

6. పరీక్ష మారిన చోటు:
గుణంతో పనిలేకుండా నిధి దక్కింది కనుక ఈ కథకు నైతికత లేదని తీర్మానించడం తొందరపాటు. బంగారం చేతికందిన తరువాతే ఆర్టెమిస్‌కు అసలు పరీక్ష ఎదురవుతుంది. అతని తల్లి మతిస్థిమితం కోల్పోయి ఉంది. అతని మేధస్సుకు సాధ్యం కానిది అదొక్కటే. తాను బంధించిన హాలీనే అర్థించి, తల్లి స్వస్థతకు ప్రతిగా సగం బంగారం వదులుకుంటాడు. తరువాతి నవలల్లో క్రమంగా దివ్యజాతికి మిత్రుడవుతాడు. చివరి నవలలో ప్రాణత్యాగానికి సైతం సిద్ధపడతాడు. భోజుడు మెట్ల మీద ఎదుర్కొన్న ప్రశ్నను ఆర్టెమిస్ నిధితో వెనుదిరిగే వేళ ఎదుర్కొన్నాడు. అపహారవర్మ విషయంలోనూ అంతే. అతని దొంగతనానికి విలువ కట్టేది సొమ్ము ఎలా వచ్చిందన్నది కాదు, ఎవరికి చేరిందన్నది. అర్థపతి ఉదంతం దృష్ట్యా ఆ పరీక్షలో అతడు పూర్తిగా నెగ్గలేదనే చెప్పాలి.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• గోపరాజు కావ్యంలో గుణపరీక్ష నిధికి ముందు, కేతన, కోల్ఫర్ రచనల్లో నిధి తరువాత జరుగుతుంది.
• ఆధునిక తెలుగు బాలల అద్భుతకథ ప్రధానంగా మొదటి మార్గాన్ని అనుసరించింది. రహస్యవిద్యను శోధించే బుద్ధి సాధారణంగా ప్రతినాయకుని లక్షణమైంది.
• కాబట్టి చోరబాలుడు నాయకుడు కావడం మన సంప్రదాయానికి విరుద్ధం కాదు. దాని మూలాలు 13వ శతాబ్దపు తెలుగు కావ్యంలోనే ఉన్నాయి.

బాలసాహిత్య పాఠ్యాంశాలను రూపొందించేటప్పుడు నాయకుడు మంచివాడా అన్న ప్రశ్నతో ఆగిపోతే అపహారవర్మనూ పక్కన పెట్టవలసి వస్తుంది. కథ అతణ్ణి ఎక్కడ పరీక్షించింది, ఆ పరీక్షలో అతడు ఏమి వదులుకున్నాడు అని అడిగితే సాలభంజికల కథ, తోలుసంచి కథ, ఆర్టెమిస్ కథ ఒకే తరగతిలో చర్చకు వస్తాయి. బుద్ధిని అనుమానించకుండానే దానికి బాధ్యతను నేర్పే అవకాశం అధ్యాపకునికి అక్కడ లభిస్తుంది.