సభ్యత్వం - భాగస్వామ్యం: నాటో పదజాలంలో అర్థభేదం

నాటోను గురించిన తెలుగు రచనల్లో ‘మిత్రదేశం’, ‘భాగస్వామ్య దేశం’ అనే మాటలు ఒకదానికి బదులు మరొకటి కనిపిస్తుంటాయి. ఒప్పంద పాఠాన్ని పరిశీలిస్తే వీటి మధ్యగల అంతరం స్పష్టమవుతుంది.

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు ఉత్తర అట్లాంటిక్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఒక సభ్యదేశంపై జరిగే సాయుధ దాడిని అందరిపై దాడిగా పరిగణించాలని 5వ అధికరణం నిర్దేశిస్తుంది. ఆ రక్షణకు 6వ అధికరణం భౌగోళిక పరిధిని ఏర్పరచింది. కొత్త సభ్యత్వానికి ఐరోపా దేశాలనే ఆహ్వానించవచ్చునని 10వ అధికరణం చెబుతుంది.

కాబట్టి జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి సుదూర దేశాలకు మిగిలింది భాగస్వామ్యమే. అఫ్గానిస్తాన్‌లో నాటో నాయకత్వాన ఆస్ట్రేలియా సేనలు పనిచేశాయి. 2022 మాడ్రిడ్ శిఖరాగ్ర సమావేశానికి ఈ నాలుగు దేశాల అధినేతలు తొలిసారి హాజరయ్యారు. అయినా ఈ సాన్నిహిత్యం రక్షణ హామీ కాదు.

ఇందుకు ఉక్రెయిన్ నిదర్శనం. 1994లోనే నాటో భాగస్వామి అయిన ఆ దేశంపై 2022లో రష్యా దండెత్తినప్పుడు సభ్యదేశాలు ఆయుధాలు అందించాయి గాని, 5వ అధికరణం వర్తించలేదు. అదే ఏడాది భాగస్వాములైన ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో సభ్యత్వం పొందాయి. జపాన్‌కు ఆ దారి లేదు. అమెరికాతో దానికున్న రక్షణ ఒప్పందం వేరు.

కావున ‘నాటో మిత్రదేశం’ అనే మాటను సభ్యదేశాలకే పరిమితం చేయడం సముచితం. దాడి జరిగిన నాడు ఆదుకొనే బాధ్యత ఎవరిదో ఆ మాటే తెలుపుతుంది.