ఓడ కళాసీలు

సముద్రవాణిజ్య చరిత్రను చెప్పేటప్పుడు రాజుల శాసనాలను, వర్తకుల సంపదను, రేవుపట్టణాల వైభవాన్ని వర్ణించడం పరిపాటి. ఓడను నడిపినవాని పేరు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. కాని తాడు లాగిన చేతులు, తెరచాప ఎత్తిన భుజాలు లేనిదే ఏ సరుకూ సముద్రాన్ని దాటలేదు. తెలుగు తీరపు నావికుల శ్రమజీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కరీంనగర్, ఆదిలాబాదు సీమలు సముద్రానికి దూరమైనవే. అయినా ఆ వాణిజ్యంతో వాటికి సంబంధం లేకపోలేదు. గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు లభించాయి. ఆ వంశీయుడే అయిన యజ్ఞశ్రీ శాతకర్ణి క్రీ.శ. 2వ శతాబ్దంలో ఓడ బొమ్మ గల నాణేలను ముద్రించాడు. నిర్మల్ ప్రాంతపు ముడి ఇనుముతో కోనసముద్రంలో తయారైన ఉక్కును కొనడానికి పారశీక దేశం నుండి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో వాయ్సీ అనే ఆంగ్లేయుడు వ్రాశాడు.

ఓరుగల్లును ఏలిన కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱాలను, బంగారాన్ని, రత్నాలను స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటానని ప్రకటించాడు. ఇది వర్తకుని ధనానికి లభించిన గొప్ప రక్షణ. అయితే ఓడ మునిగినప్పుడు అసువులు బాసిన నావికుని కుటుంబానికి ఏమి దక్కాలన్న విషయం అందులో లేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి కీర్తి నేటికీ నిలిచి ఉంది. ఆయన సరుకులను దేశదేశాల నుండి తెచ్చిన నావికులలో ఒక్కని పేరైనా మనకు తెలియదు.

పేర్లు చెరిగిపోయినా మాటలు మిగిలాయి. ఓడ, తెరచాప అనేవి మన పలుకులే. లంగరు, సరంగు అనే మాటలు పారశీకం నుండి, కళాసి, చుక్కాని అనేవి అరబ్బీ నుండి వచ్చాయి. భిన్నభాషల నావికులు ఒకే ఓడపై కలిసి పనిచేశారనడానికి ఈ పదాలే సాక్ష్యం.

ఆవిరి ఓడలు రాకముందు నావికునికి గాలియే యజమాని. నైరుతి గాలి ఓడను తూర్పు దీవుల వైపు నడిపేది. ఈశాన్యపు గాలి వీచేదాకా తిరుగు ప్రయాణం లేదు. అందుచేత కళాసి నెలల తరబడి పరాయి రేవులో వేచి ఉండవలసి వచ్చేది. పెద్ద ఓడలు లోతు నీటిలోనే ఆగేవి. వాటి నుండి సరుకును మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. ఈ పడవల పలకలను మేకులతో బిగించక, కొబ్బరినార తాడుతో కుట్టేవారు. అందువల్ల కెరటం ఇసుకపైకి విసరినా పడవ పగలక వంగేది. ఏ కెరటాన్ని విడిచి ఏ కెరటంపై సాగాలో ఎరగడమే ఆ పడవవారి విద్య.

ఈస్టిండియా కంపెనీ కాలంలో ఐరోపా ఓడలలో పనిచేసిన భారతీయ నావికులను లస్కర్లు అనేవారు. వారిని పోగుచేసి, వారిపై అజమాయిషీ చేసేవాడు సరంగు. ఐరోపా నావికునితో పోలిస్తే లస్కరు జీతం చాలా తక్కువ. 18వ శతాబ్ది చివర లండను చేరిన లస్కర్లలో కొందరు తిరిగివచ్చే ఓడ దొరకక అక్కడి వీధులలో యాచించారు.

గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుపాను ఉప్పెనలు దానిని ధ్వంసం చేశాయి. రేవు క్షీణించినా దాని పేరు సముద్రాన్ని దాటింది. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలు అన్నారు. రంగూన్ రేవులో ఓడల సరుకును ఎక్కించి దించే పని ఎక్కువగా వీరిదే. 1930 మే నెలలో వీరు కూలి పెంచాలని సమ్మె చేయగా, యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె ముగియగానే ఆ కూలీలను వెళ్లగొట్టారు. ఆకలిగొన్న ఇరువర్గాల మధ్య చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు.

ఓడమీది సరంగు, రంగూన్‌లోని మేస్త్రీ శ్రామికునికి, యజమానికి నడుమ నిలిచినవారు. గల్ఫు దేశాలకు వెళ్లే మన జిల్లాల యువకులకు ఏజెంటు అటువంటివాడే. ఏజెంట్లు ప్రభుత్వం వద్ద నమోదు కావాలని 1983 నాటి వలస చట్టం నిర్దేశించింది. మోటుపల్లి శాసనం సరుకుకు అభయమిచ్చింది. సరుకును మోసే మనిషికి అభయమిచ్చే మాట చట్టంలోకి రావడానికి శతాబ్దాలు పట్టింది. ఆ మాటను తెలుసుకొని ప్రయాణమైనవాడే పరదేశంలో తన హక్కును అడగగలడు.