చుక్క జిగురు చాలు!

జాలీలాంటి కాగితపు పువ్వును తయారుచేయడానికి గంట పడుతుంది. దాన్ని కార్డు మీద అతికించడానికి నిమిషం చాలు. గంట కష్టం ఆ నిమిషంలోనే పాడైపోవచ్చు... పదికాలాలపాటు నిలిచిపోనూవచ్చు. తేడా అంతా జిగురులోనే ఉంది.

తాతయ్య షష్టిపూర్తి. బజార్లో బోలెడన్ని గ్రీటింగులు దొరుకుతున్నా, మనవరాలు సొంతంగా కార్డు చేసి ఇవ్వాలనుకుంది. మీగడ రంగు అట్ట తెచ్చింది. తెల్లకాగితంతో మల్లెతీగ కత్తిరించింది. ఆ తీగ మందం అగ్గిపుల్లలో సగం కూడా లేదు. ఆకులు, మొగ్గలు, మెలికలు... అన్నీ కుదిరేసరికి రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. ఇక అతికించడమే తరువాయి. ఇంట్లో ఉన్న జిగురు సీసా తీసి తీగ వెనక పూసింది. అంతే! కాగితం తడిసి సాగింది. ఆకుల అంచుల్లోంచి జిగురు బయటికొచ్చింది. వేలితో తుడిస్తే మరక పడింది. తెల్లారి చూస్తే అట్ట విల్లులా వంగిపోయి ఉంది.

'జిగురు మంచిది కాదమ్మా' అంటూ కళ్లనీళ్లు పెట్టుకుందా పాప.

నిజానికి జిగురు మంచిదే. ఆ కాగితానికి తగినది కాదు, అంతే. చేత్తో కార్డులు చేసే సరదా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు ఇదే జరుగుతుంది. రంగులకీ, రాళ్లకీ, రిబ్బన్లకీ పెట్టే శ్రద్ధలో పదోవంతు జిగురుమీద పెట్టకపోవడమే కారణం.

అచ్చుతో కోసిన అందం

బిస్కెట్ల అచ్చు పిండిని కోసినట్టే కాగితాన్ని కోసే అచ్చులున్నాయి. వాటినే 'డై' అంటారు. పలుచటి ఉక్కు అచ్చును కాగితం మీద పెట్టి, చేత్తో తిప్పే చిన్న యంత్రంలో రెండు రోలర్ల మధ్యనుంచి పంపితే చాలు... సీతాకోకచిలుక, నెమలి, పూలతీగ, పేరులోని అక్షరాలు - ఏది కావాలంటే అది తెగి చేతికొస్తుంది. యంత్రం లేనివాళ్లు పంచ్‌లతోనో, సన్నటి కత్తితోనో ఇదే పని చేసుకుంటారు. హైదరాబాద్‌లో శుభలేఖలకు పేరుమోసిన ఛత్తాబజార్ లాంటి చోట్ల లేజర్‌తో కోసిన జాలీ డిజైన్ల కార్డులూ కనిపిస్తాయి.

కోసేది ఏదైనా అతికించేటప్పుడు వచ్చే చిక్కు మాత్రం ఒకటే. డిజైన్ ఎంత సున్నితంగా ఉంటే జిగురు పూయడానికి చోటు అంత తక్కువ. పూసినదాంట్లో ఏమాత్రం ఎక్కువైనా అది దాక్కోవడానికి చోటే ఉండదు. అందం తెచ్చిన సన్నదనమే మొదటికి మోసం తెస్తుందన్నమాట.

కాగితానికి దాహమెక్కువ

అసలు కాగితం ఎందుకు ముడతలు పడుతుంది? కాగితమంటే చెట్టు పీచు. సెల్యులోజ్ అనే ఆ పీచుకు నీళ్లంటే మహా ఇష్టం. తడి తగలగానే పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ ఉబ్బడం పొడవునా తక్కువ, అడ్డంగా ఎక్కువ. ఆరేటప్పుడు మళ్లీ కుంచించుకుపోతుంది. ఒకవైపు తడిసి, రెండోవైపు పొడిగా ఉంటే కాగితం ఎటో ఒకవైపు వంగక తప్పదు.

మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు ఈ పీచు చాలావరకూ ఒకే దిక్కున పరుచుకుంటుంది. ఆ దిక్కేదో తెలుసుకోవడం తేలిక. అట్టను మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే, మడత పడే ఆ గీత వెంబడే పీచు ఉన్నట్టు. కార్డు అట్ట, దానిమీద అతికించే పెద్ద ముక్క - రెండింటి పీచూ ఒకే దిక్కున ఉండేలా చూసుకుంటే కార్డు వంగిపోయే బాధ సగం తగ్గుతుంది. కింద వాడే అట్ట చదరపు మీటరుకు 250 నుంచి 300 గ్రాముల రకమైతే ఇంకా మంచిది. పలుచటి అట్ట అయితే పూసిన తడికి తట్టుకోలేదు.

సీసాలో తెల్లగా, ఆరాక అద్దంలా...

మనందరికీ తెలిసిన తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్ రకం. ఒకప్పుడు వడ్రంగులు జంతువుల ఎముకలు, చర్మాలు ఉడికించి చేసే సరేసు వాడేవారు. దాన్ని ప్రతిసారీ వేడిచేసుకోవాల్సి వచ్చేది. ఆ బాధ లేకుండా 1959లో ఫెవికాల్ వచ్చింది. వడ్రంగం నుంచి పిల్లల స్కూలు సంచిలోకి చేరడానికి ఈ తెల్ల జిగురుకు ఎంతోకాలం పట్టలేదు. గట్టిగా పడుతుంది, ఆరాక రంగు కనిపించదు, ధరా తక్కువే. కాకపోతే అందులో దాదాపు సగం నీళ్లే. అందుకే మందపాటి అట్టకు ఏమీ కాదు, పలుచటి తీగకు మాత్రం ముప్పు.

అలాగని దాన్ని పక్కన పడేయనక్కర్లేదు. సూదిమొన లాంటి మూతి ఉన్న చిన్న సీసాలో పోసుకుని, ఆవగింజంత చుక్కలుగా పెడితే సన్నటి డిజైన్లకూ పనికొస్తుంది. నీళ్లు కలిపి పలుచన చేయడం మాత్రం పొరపాటు. అప్పుడు కాగితం ఇంకా ఎక్కువ తాగుతుంది.

గ్లూ స్టిక్కుది మరో కథ. జర్మనీకి చెందిన హెంకెల్ సంస్థ 1969లో లిప్‌స్టిక్ గొట్టంలా తిప్పితే పైకొచ్చే ప్రిట్ స్టిక్ తెచ్చింది. తడి తక్కువ కాబట్టి ముడతలు పడవు. పిల్లల చేతికి ఇవ్వడానికీ భయం లేదు. అయితే జాలీ డిజైన్ మీద దాన్ని రుద్దితే సన్నటి కాడలు చిరిగి చేతికొస్తాయి. కొంతకాలానికి అంచులు ఊడిరావడమూ ఉంది. కాబట్టి పెద్ద పెద్ద ముక్కలకే దాన్ని వాడుకోవడం మేలు.

జాలీ డిజైన్లకు అన్నిటికన్నా హాయైనది రెండువైపులా అంటుకునే పలుచటి షీటు. కోసిన తర్వాత కాదు, కోయడానికి ముందే కాగితం వెనక దీన్ని అతికించేయాలి. తర్వాత డైతో కోస్తే డిజైన్‌తోపాటే జిగురూ అదే ఆకారంలో తెగుతుంది. వెనకున్న పొర తీస్తే స్టిక్కర్ తయార్! తడి లేదు, మరక లేదు, కాడ కాడకీ జిగురు సమానంగా ఉంటుంది. ఒకే ఒక్క ఇబ్బంది... ఒకసారి అంటుకుందంటే సర్దుకోవడానికి వీలుండదు. పెట్టేముందే చోటు చూసుకోవాలి.

సర్దుకునే వీలు కావాలంటే గ్లూ పెన్నులున్నాయి. వీటిలో ఒక రకం జిగురు పూయగానే నీలంగా కనిపిస్తుంది. నీలంగా ఉండగా అతికిస్తే శాశ్వతంగా పట్టేస్తుంది. ఆ రంగు పోయేదాకా ఆగి అతికిస్తే తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఇలా అంటీముట్టనట్టుండే జిగుర్ల కథ కూడా సరదాగా ఉంటుంది. 1968లో అమెరికాలో త్రీఎం సంస్థ శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చేయబోతే, అంటుకుని తేలిగ్గా ఊడొచ్చే జిగురు తయారైంది. పనికిరాదనుకున్న ఆ జిగురే 1980 నాటికి పోస్ట్-ఇట్ చీటీలుగా అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది!

స్ప్రే జిగురు కూడా సన్నటి డిజైన్లకు సమానంగా పడుతుంది. కానీ అందులోని రసాయనాలకు మంట అంటుకునే గుణం ఉంది, ఆవిరి పీల్చడమూ మంచిది కాదు. ఆరుబయటో, కిటికీలన్నీ తెరిచిన గదిలోనో పెద్దవాళ్లే కొట్టాలి. పొయ్యి, అగరొత్తి దరిదాపుల్లో ఉండకూడదు. ఇక చటుక్కున అంటుకునే సూపర్ గ్లూని కాగితం జోలికి రానీయకండి. అది కాగితంలోకి ఇంకి, గట్టిపడి, మచ్చగా మిగిలిపోతుంది.

మెతుకులూ... మైదా... బంకకాయలూ

ఇన్ని రకాలు లేని రోజుల్లో అంటించేవాళ్లు కాదా? కవరు మూయాలంటే నాలుగు అన్నం మెతుకులు మెదిపి రాసేవారు. గాలిపటానికి మైదా ఉడికించేవారు. పల్లెల్లో పిల్లలు బంకనక్కెర కాయ నొక్కి, కారే జిగురుతో పుస్తకాల అట్టలు అంటించేవారు. తుమ్మబంకను నీళ్లలో నానబెట్టి సీసాల్లో దాచుకునేవారు. మన హస్తకళల్లో చింతగింజల జిగురుది పెద్దపీట. కొండపల్లి బొమ్మల ముక్కలు కలిపే మక్కు రంపంపొట్టు, చింతగింజల పిండి కలిపి చేసిందే. చేర్యాల నకాషీ బొమ్మలకూ ఆ జిగురే ఆధారం.

వీటిని పాతకాలపు సరుకని తీసిపారేయడానికి లేదు. మ్యూజియాల్లో పాత కాగితాలను బాగుచేసే నిపుణులు ఇప్పటికీ ఎక్కువగా నమ్ముకునేది గోధుమల గంజిపిండితో కాచిన జిగురునే. చిరిగినచోట పలుచటి జపాన్ కాగితాన్ని దాంతోనే అతికిస్తారు. ఎందుకంటే అది పచ్చబడదు. పైగా రేపెప్పుడైనా విప్పాల్సివస్తే కాస్త తేమ చూపిస్తే చాలు, అసలు కాగితం చెడకుండా ఊడొస్తుంది.

అయితే ఇంట్లో కాచే మైదా జిగురులో నీళ్లెక్కువ. కవర్లకీ, అట్టలకీ బాగుంటుంది కానీ సన్నటి తీగలకు నప్పదు. రెండుమూడు రోజుల్లో పులుస్తుంది. పిండి వాసనకు సిల్వర్ ఫిష్ పురుగులూ, బొద్దింకలూ చేరతాయి. బైండింగ్ చేసేవాళ్లు అందుకే మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దే వద్దు.

టేపు చేసే ద్రోహం

ఏ ఇంట్లోనైనా పాత ఆల్బమ్ తెరిచి చూడండి. చిరిగిన ఉత్తరానికో, ఫొటోకో ఎవరో ప్రేమగా వేసిన టేపు కనిపిస్తుంది. టేపు ఊడిపోయి ఉంటుంది. దానికింద కాగితం మీద మాత్రం తేనెరంగు మరక చెరగకుండా ఉంటుంది. పారదర్శకంగా ఉండే సెల్లోఫేన్ టేపును 1930లో త్రీఎం సంస్థలో రిచర్డ్ డ్రూ తయారుచేశాడు. దాని వెనక ఉండేది రబ్బరు జిగురు. గాలి, వెలుతురు తగిలేకొద్దీ రబ్బరు పచ్చబడి, కాగితంలోకి ఇంకుతుంది. రబ్బరు సొల్యూషన్లదీ ఇదే తీరు. వాటితో ముడతలు పడవు, ఎక్కువైతే వేలితో ఉండచుట్టి తీసేయొచ్చు. కానీ దాచుకోవాల్సిన కార్డుకు అవి పనికిరావు. కొనేటప్పుడు 'యాసిడ్ ఫ్రీ' అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

కాగితపు పువ్వు ఎంతకాలం నిలుస్తుందో తెలియాలంటే మేరీ డెలానీ గురించి తెలుసుకోవాలి. 1700లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆవిడ 72వ ఏట రంగుకాగితాలు కత్తిరించడం మొదలుపెట్టింది. నల్లటి కాగితం మీద రేకు రేకూ అతికిస్తూ, చూపు మందగించేదాకా పదేళ్లపాటు దాదాపు వెయ్యి పూలమొక్కల చిత్రాలు చేసింది. రెండు శతాబ్దాలు దాటినా అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. టేపులు, ట్యూబులు పుట్టకముందు మాట ఇది!

ఇలా చేసి చూడండి

* ఏ జిగురైనా ముందు అదే కాగితం తుంపుమీద పూసి, ఒక రాత్రి ఆరనిచ్చి చూడాలి. మరక, ముడత ఉంటే అప్పుడే తెలుస్తుంది.

* సీసాతో నేరుగా పూయొద్దు. ప్లాస్టిక్ కాగితం మీద చుక్క వేసుకుని, టూత్‌పిక్ మొనతోనో, చిన్న స్పాంజి ముక్కతోనో అద్దాలి. కాడలు కలిసేచోట చుక్క పెడితే చాలు, తీగంతా పూయనక్కర్లేదు.

* డిజైన్‌ను వేళ్లతో కాకుండా సన్నటి పట్టకారుతో ఎత్తి పెట్టాలి. వేలి తడి కూడా కాగితానికి బరువే.

* ట్రేసింగ్ పేపర్‌లా అవతలివైపు కనిపించే వెల్లం కాగితానికి ఏ జిగురు పెట్టినా మచ్చ కనిపిస్తుంది. పైన మరో పువ్వో, రిబ్బనో వచ్చే చోటే అతికించి దాచేయాలి.

* మెరుపు కాగితం, రేకు కాగితం నీళ్లను పీల్చుకోవు. వాటిమీద తెల్లజిగురు త్వరగా ఆరదు. రెండువైపులా అంటుకునే టేపే నయం.

* అతికించాక పైన బటర్ పేపర్ పరిచి, లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచాలి. వానాకాలంలో, సముద్రతీర ఊళ్లలో మరో రోజు ఎక్కువ ఉంచినా తప్పులేదు.

ఇంతకీ మన మనవరాలి సంగతి? అమ్మ సాయంతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కాగితం వెనక అంటుకునే షీటు ముందే వేసి తీగ కోసింది. ఒక్క మొగ్గ మాత్రం విడిగా తెగి పడితే, దాన్ని ఆవగింజంత తెల్ల జిగురుతో చేర్చింది. రాత్రంతా కార్డు తెలుగు నిఘంటువు కింద పడుకుంది.

పొద్దున్నే తీసి చూస్తే తీగ ఎక్కడిదక్కడే ఉంది. అట్ట వంగలేదు. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. 'దీన్ని ఎలా అంటించావే?' అన్నారు. జిగురు ఎక్కడుందో ఆయనకు కనిపించనే లేదు మరి!