ఇంట్లో వైఫై నెమ్మదిగా ఉందా? ముందు బ్యాండ్ చూడండి



ఆన్‌లైన్ డౌట్ క్లాసులో మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఎప్పుడూ ఆలస్యంగా జవాబిచ్చేది. శ్రద్ధ లేదనుకుని ఒకసారి మందలించాను కూడా. తర్వాత వాళ్ల అమ్మగారు ఫోన్ చేసి, "నెట్ ఆగిపోతోంది మేడమ్, పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?" అని అడిగారు. ఆ ఖర్చు అవసరం రాలేదు. ట్యాబ్‌ను వేరే బ్యాండ్‌కు మార్చారు, సరిపోయింది.

ఇప్పటి రౌటర్లలో చాలావాటికి రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎక్కువ దూరం వెళ్తుంది, కానీ వేగం తక్కువ. పక్క ఫ్లాట్ల వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ల వల్ల అక్కడ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. గోడలు అడ్డొస్తే మాత్రం బలహీనపడుతుంది. ఇదీ, మొబైల్ 5జీ ఒకటి కాదు.

ఇలా చేయండి:

1. వైఫై లిస్టులో మీ నెట్‌వర్క్ పేరు చివర '5జీ' అని ఉంటే దానికి కనెక్ట్ అవ్వండి.
2. పాత పేరును 'ఫర్‌గెట్' చేయండి. లేదంటే ఫోన్ మళ్లీ దానికే వెళ్లిపోవచ్చు.
3. ఒకే పేరు కనిపిస్తుంటే, మీ రౌటర్‌లో రెండు బ్యాండ్లు ఉన్నాయా అని నెట్ టెక్నీషియన్‌ని అడగండి. ఉంటే వేర్వేరు పేర్లు పెట్టించుకోండి.
4. సీసీ కెమెరా, స్మార్ట్ బల్బులను 2.4లోనే ఉంచండి. చాలావాటికి 5 పనిచేయదు.
5. చదువుకునే టేబుల్‌ను రౌటర్ ఉన్న గదిలో వేయండి.

ఆ అమ్మాయికి సారీ చెప్పాను. మీ ఇంట్లోనూ నెట్ ఇబ్బంది ఉంటే క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పండి. తప్పు పిల్లల మీద పడకూడదు కదా!