పాఠకుని గుట్టు - గ్రంథాలయపు అమానత్

గ్రంథాలయంలో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది పైకి చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని చదివే పుస్తకాలను బట్టి మనిషి జబ్బులను, కుటుంబ కష్టాలను, విశ్వాసాలను ఊహించేవారుంటారు. ఖులా నియమాలు చదివే స్త్రీ భర్తను విడిచిపెట్టబోతున్నదనీ, పరమత గ్రంథాలు చదివే యువకుడు దారి తప్పాడనీ అనుకోవడం ఇటువంటిదే. ఊహ తప్పయినా నష్టపోయేది పాఠకుడే.

దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయత్ దురనుమానాన్ని, ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని, పరోక్షనిందను ఒకదాని వెంట ఒకటిగా నిషేధించింది. ఈ వరుస గమనించదగినది. అనుమానం ఆరాకు, ఆరా నిందకు దారితీస్తాయి. నిసా సూరా 58వ ఆయత్ అమానత్‌లను హక్కుదారులకే అప్పగించమని ఆదేశిస్తున్నది. పుస్తకం కోసం పాఠకుడు ఇచ్చిన వివరాలు గ్రంథాలయం వద్ద ఉన్న అమానతే.

ఈ ప్రమాదం కేవలం ఊహ కాదు. 1970లో అమెరికాలోని మిల్వాకీ నగర గ్రంథాలయానికి కేంద్ర ప్రభుత్వ పన్నుల శాఖ అధికారులు వచ్చి, పేలుడు పదార్థాల గురించిన పుస్తకాలు తీసుకున్నవారి వివరాలు చూపమన్నారు. ఆ మరుసటి సంవత్సరమే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, చట్టబద్ధమైన ఉత్తర్వు లేనిదే పాఠకుల వివరాలు వెల్లడించరాదని విధానం ప్రకటించింది.

గుట్టు కాపాడటానికి సదుద్దేశం ఒక్కటే చాలదు, తగిన పద్ధతి కూడా కావాలి. న్యూవార్క్ పద్ధతిలో పాఠకుని నంబరును పుస్తకపు కార్డుపై రాసేవారు. పుస్తకం తిరిగి వచ్చినా ఆ నంబరు కార్డుపై మిగిలిపోయేది. బ్రౌన్ పద్ధతిలో పుస్తకపు కార్డును పాఠకుని టికెట్టు సంచిలో ఉంచేవారు. పుస్తకం రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్టు పాఠకుని చేతికి చేరేవి. ఎవరు చదివారన్న ఆనవాలే ఉండేది కాదు. లేని చిట్టాను ఎవరు అడిగినా ప్రయోజనం లేదు.

కంప్యూటరుకూ ఇదే సూత్రం. పుస్తకం తిరిగి రాగానే, జరిమానా బాకీ లేకపోతే, పాఠకుని పేరుకూ పుస్తకానికీ ఉన్న లంకెను తొలగించవచ్చు. తొలగించకపోతే ఏళ్ల తరబడి చదివినదంతా పోగుపడుతుంది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. మస్జిదులో ఒక అలమారాతో నడిచే చిన్న గ్రంథాలయానికీ ఈ బాధ్యత వర్తిస్తుందని భావించాలి. అరువు రిజిస్టరును అందరికీ కనిపించేలా బల్లపై పెట్టరాదు. తండ్రి అడిగినా, కమిటీ సభ్యుడు అడిగినా ఎదిగిన పాఠకుని వివరాలు చెప్పరాదు. సందేహం తీర్చుకోవడానికి వచ్చినవాడు నిర్భయంగా చదవగలిగినప్పుడే గ్రంథాలయం జ్ఞానానికి ద్వారమవుతుంది.