తోలు బూట్ల కొలత: అంకెను నమ్మే ముందు పాదాన్ని కొలవండి

గంజాం జిల్లాలో జీవితంలో అధికభాగం చెప్పులతోనో, ఉత్త కాళ్లతోనో గడిపినవారు తోలు బూట్లు తొడగవలసిన సందర్భాలు కొన్నే. సైన్యానికో పోలీసు శాఖకో ఎంపికైన యువకుడు, సూరత్ వంటి దూరప్రాంతాల కర్మాగారాలకు పయనమైన కార్మికుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడు, పెళ్లికి సిద్ధమవుతున్న వరుడు, వీరందరూ బరంపురం అంగళ్లలో అడిగే మాట ఒక్కటే: "ఎనిమిదో నంబరు చూపించండి." ఆ ఎనిమిది ఎక్కడి లెక్కో, అది పాదంలో దేనిని కొలుస్తుందో విచారించేవారు అరుదు. ఈ ఉపేక్షకు ఫలితంగా బొబ్బలు, ఆనెకాయలు, ముడుచుకుపోయిన వేళ్లు ప్రాప్తిస్తాయి. మధుమేహం ఉన్నవారి విషయంలో ఇది మానని పుండుకు సైతం దారితీయవచ్చు. కాబట్టి బూటు కొనేముందు తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

అంకె ఎక్కడిది?

మన అంగళ్లలో నేటికీ విరివిగా కనిపించేది బ్రిటిష్ వారి కొలమానం. దీని మూలం యవధాన్యపు గింజ. మూడు గింజలు పొడవున పేర్చితే ఒక అంగుళమని ఇంగ్లండులో పూర్వం లెక్క. అందువల్ల ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అనగా సుమారు 8.5 మిల్లీమీటర్లు. మన దేశంలోనూ యవగింజ కొలమానంగా ఉండేది. ఎనిమిది యవల నడిమి వెడల్పు ఒక అంగుళమని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతున్నది. ఇక ఐరోపా ఖండపు లెక్కలో ఒక అంకెకు తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు మాత్రమే. పురుషుల బూట్లలో బ్రిటిష్ వారి 8వ నంబరు సుమారుగా అమెరికాలో 9, ఐరోపాలో 42 అవుతుంది. పెట్టెపై ఏ దేశపు అంకె ముద్రించారో చూడకుండా కొన్నవారు తరచుగా మోసపోయేది ఇక్కడే.

మరొక ముఖ్య విషయమున్నది. ఆ అంకె నేరుగా పాదానికి చెందినది కాదు. తోలును బిగించి బూటుకు రూపమిచ్చే కర్ర లేదా ప్లాస్టిక్ అచ్చుకు చెందినది. బ్రిటిష్ లెక్కలో 8వ నంబరు అచ్చు పొడవు 11 అంగుళాలు, అంటే దాదాపు 28 సెంటీమీటర్లు. వేళ్ల ముందు విడిచే ఖాళీ కూడా అందులోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి అది సరిపోయే పాదం ఇంచుమించు 26 నుంచి 27 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మొన సన్నగా ఉన్న బూటుకు ఖాళీ ఎక్కువగా, గుండ్రని మొన ఉన్నదానికి తక్కువగా విడుస్తారు. ఒకే మనిషికి ఒక కంపెనీ బూటు 7, మరొక కంపెనీది 8 సరిపోవటానికి కారణం ఇదే.

మన పాదాల తీరు

పై కొలమానాలన్నీ పరదేశీయుల పాదాలను అనుసరించి వచ్చినవి. భారతీయుల పాదాలకు తగిన ప్రమాణం నిర్ణయించే ఉద్దేశంతో చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 ప్రాంతాలలో లక్షకు పైగా వ్యక్తుల పాదాలను యంత్రాల సాయంతో కొలిచింది. సగటు భారతీయుని పాదం ఐరోపా, అమెరికా వాసుల పాదం కంటే వెడల్పైనదని ఆ సర్వేలో తేలింది. దాని ఆధారంగా "భ" అనే పేరుతో కొత్త కొలమానాన్ని ప్రతిపాదించారు. భారత్ అనే మాటలోని తొలి అక్షరమే ఆ పేరు. పసిపిల్లల నుంచి పెద్దల వరకు వయస్సును, స్త్రీ పురుష భేదాన్ని బట్టి అందులో 8 తరగతులున్నాయి.

ఈ సర్వే బయటపెట్టిన మరో సత్యం మనందరికీ అనుభవమే. బూటు పక్కల బిగుతుగా తోచినప్పుడు మనవారు ఒక నంబరు పెంచి కొంటారు. వెడల్పు కొద్దిగానే పెరుగుతుంది, పొడవు మాత్రం 8 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. వదులైన బూటు జారకుండా లేసులు అవసరానికి మించి బిగిస్తారు. దానితో పాదం పైభాగం నొక్కుకుపోయి రక్తప్రసరణకు ఆటంకం కలుగుతుంది.

పొడవు ఎక్కువైతే వచ్చే చేటు ఇంకొకటి కూడా ఉన్నది. నడిచేటప్పుడు పాదం వేళ్ల మొదళ్ల వద్ద వంగుతుంది. బూటు అట్ట కూడా సరిగ్గా అక్కడే వంగవలె. పొడవైన బూటులో ఆ వంపు ముందుకు జరిగిపోతుంది. అప్పుడు తోలు మడత వేళ్లపై ఒరుసుకొంటుంది, మడమ ప్రతి అడుగుకూ పైకి లేస్తుంది. అమెరికాలోని సిరక్యూస్ నగరంలో చార్లెస్ బ్రానక్ 1920లలో రూపొందించిన లోహపు కొలపలక ప్రసిద్ధి చెందినది ఇందుకే. మడమ నుంచి వేలికొన వరకు, మడమ నుంచి బొటనవేలి మొదటి కీలు వరకు, ఆపైన వెడల్పు, ఇలా మూడు కొలతలను అది ఒకేసారి చూపుతుంది.

ఇంట్లో కొలుచుకొనే విధానం

ఇందుకు తెల్లకాగితం, పెన్సిలు, దర్జీ టేపు చాలు. పగలంతా నిలబడి తిరిగినందువల్ల, మన తీరప్రాంతపు ఉక్క వల్ల సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. కాబట్టి సాయంకాలమే కొలవాలి. కాగితాన్ని గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా దానిపై నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం పూర్తిగా పరుచుకోదు. పెన్సిలును నిటారుగా పట్టుకొని అన్నిటికంటే పొడవైన వేలి కొసను గుర్తించాలి. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలు పొడవుగా ఉంటుందని మరువరాదు. ఆ తరువాత వేళ్ల మొదళ్ల వద్ద, పాదం అత్యంత వెడల్పుగా ఉన్నచోట టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోవాలి. రెండు పాదాలనూ ఇలాగే కొలిచి, పెద్దదానిని ప్రమాణంగా గ్రహించాలి. రెండు పాదాలూ కచ్చితంగా సమానంగా ఉన్నవారు తక్కువ. ఈ కొలతలను సెంటీమీటర్లలో రాసి దగ్గర ఉంచుకొంటే అంతర్జాలంలో కొనేటప్పుడు కూడా అక్కరకు వస్తాయి.

అంగడిలో చేయవలసిన పరీక్ష

రోజూ తొడిగే మేజోళ్లతోనే బూటు తొడిగి చూడాలి. లేసులు పూర్తిగా వదులు చేసి పాదం దూర్చి, మడమను వెనక్కి ఆనించి, అప్పుడు కట్టుకోవాలి. రెండు కాళ్లకూ తొడిగి నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే పొడవు సరిపోయినట్లే. వేళ్లు లోపల కదలాలి. పక్కల తోలు ఉబ్బెత్తుగా పొంగితే వెడల్పు చాలదని అర్థం. వేళ్ల మొదళ్ల వద్ద తోలు వదులుగా ముడతలు పడితే వెడల్పు మితిమీరినదని అర్థం.

లేసుల తీరు కూడా ఎంతో చెబుతుంది. కట్టిన తరువాత రెండు రెక్కల మధ్య కొద్దిపాటి ఎడం సమానంగా నిలవాలి. రెక్కలు ఒకదానికొకటి పూర్తిగా అంటుకొంటే బూటు పెద్దది. బాగా విచ్చుకొని ఉంటే పాదం పైభాగానికి చోటు చాలలేదు. ఎత్తైన, వెడల్పైన పాదాలున్నవారికి రెక్కలు విడిగా తెరుచుకొనే డెర్బీ రకం అనుకూలం. ఆక్స్‌ఫర్డ్ రకంలో రెక్కల కింది భాగం ముందరి తోలు కిందికి చేర్చి కుట్టి ఉంటుంది గనుక అది అంతగా సడలదు. ఇక గట్టి నేలపై పది అడుగులు నడవాలి, వీలైతే మెట్లు దిగాలి. దిగేటప్పుడు వేళ్లు ముందు తగిలితే ఆ జోడును పక్కన పెట్టవలసినదే.

"తొడగ్గా తొడగ్గా సాగుతుంది" అనే మాట అంగళ్లలో తరచుగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. అసలు తోలు వాడుకలో వెడల్పున కొంత సడలుతుంది, పొడవున సాగదు. రెక్సిన్ దాదాపు ఏ వైపుకూ సడలదు. కాస్త బిగుతుగా ఉన్న తోలు బూటును చెప్పులు కుట్టేవారి వద్ద కర్ర అచ్చు ఎక్కించి కొంచెం వెడల్పు చేయించవచ్చు. కొంచెం వదులైతే లోపల పలుచని అట్ట వేయించవచ్చు. పొట్టి బూటును పొడవు చేయగలవారు మాత్రం ఎవరూ లేరు.

బరువైన బూట్లు

సైనిక శిక్షణకు వెళ్లే యువకులు, ఉక్కు మొన ఉన్న భద్రతా బూట్లు ధరించే కార్మికులు మరింత జాగ్రత్త వహించాలి. ఉక్కు మొన ఎన్నటికీ సడలదు గనుక తొడిగిన తొలి క్షణంలోనే వేళ్లకు చోటు ఉండాలి. చీలమండ వరకు వచ్చే బూటులో మడమ నిలకడగా కూర్చోవాలి. కొత్త దళసరి తోలులో మడమ స్వల్పంగా కదలటం సహజమే, ఒరుసుకొంటే మాత్రం బొబ్బ తప్పదు. శిక్షణకు వెళ్లే రోజునే కొత్త బూటు తొడగరాదు. ముందుగా ఇంట్లో రోజుకు గంట చొప్పున తొడిగి పాదానికి అలవాటు చేయాలి. వర్షంలో తడిసిన బూటును ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని ఆరబెడితే తోలు బిరుసెక్కి ముడుచుకొంటుంది, కుదిరిన కొలత కూడా చెడుతుంది. లోపల వార్తాపత్రికలు కుక్కి నీడన ఆరనివ్వాలి.

పిల్లలకు "వచ్చే ఏటికి కూడా పనికివస్తుంది" అని రెండు నంబర్లు పెద్దవి కొనటం మన ఇళ్లలో ఆనవాయితీ. ఎదిగే పాదానికి వేలెడు వెడల్పు ఖాళీ చాలు. అంతకు మించితే పిల్లలు జారే బూటును వేళ్లతో పట్టి నిలుపుతూ నడుస్తారు. మూడు నాలుగు నెలలకు ఒకసారి పాదం కొలిచి చూడటం మేలు.

స్పర్శ తెలియని పాదం

భారతీయ వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో మధుమేహ బాధితులు 10 కోట్లకు పైగా ఉన్నారు. వ్యాధి ముదిరినవారిలో చాలామందికి అరికాలి స్పర్శ క్రమంగా సన్నగిల్లుతుంది. బూటు కరిస్తే ఆరోగ్యవంతుడు వెంటనే విప్పేస్తాడు. ఆ నొప్పి తెలియనివాడు సాయంత్రం దాకా నడుస్తాడు. నొప్పి కరువైన పాదం ఎంతటి ప్రమాదంలో ఉంటుందో వెల్లూరులో కుష్ఠురోగులకు చికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ విశదం చేశారు. అటువంటి పాదాలకు మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరు అట్టతో చేసిన చెప్పులు మన దేశంలో వాడుకలోకి వచ్చాయి. అరికాలిపై పడే ఒత్తిడిని అవి అంతటా సమంగా పంచుతాయి.

మధుమేహం ఉన్నవారు "తొడిగితే హాయిగానే ఉంది" అనే అనుభూతిపై ఆధారపడరాదు. కాగితంపై గీసుకొన్న పాదం బొమ్మను కత్తిరించి బూటులో పెట్టి చూడాలి. అంచులు ముడుచుకొంటే ఆ బూటు తగదు. కొత్త బూటు గంటసేపు తొడిగి విప్పి, పాదం ఎక్కడైనా ఎర్రబడిందేమో ఇంట్లోవారి చేత పరీక్ష చేయించుకోవాలి. తొడిగే ముందు ప్రతిసారీ దులిపి, లోపల చేయి పెట్టి రాయో మేకో ఉన్నదేమో తడిమి చూడాలి. పుండు కనిపిస్తే చిట్కా వైద్యాలతో కాలయాపన చేయక బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికో, దగ్గరలోని వైద్యుని వద్దకో వెళ్లాలి.

బట్టలు కొనేటప్పుడు దర్జీ టేపుకు నిలబడటానికి మనం సంకోచించము. రోజంతా దేహభారాన్ని మోసే పాదానికి కూడా అంతటి శ్రద్ధ అవసరం. ఈసారి అంగడికి వెళ్లేటప్పుడు రెండు పాదాల పొడవు, వెడల్పు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. నంబరు అడిగే ముందు ఆ చీటీని దుకాణదారుకు చూపించండి.